చామంతి చుట్టాలు

అక్క కనురెప్పలు మొదటిసారి వాచింది చామంతి కోతలప్పుడు. పొద్దున్నే ఫోన్ చేసి, కళ్ళు తెరవడం కష్టంగా ఉందని, ఏదో పురుగు ముట్టి ఉంటుందని చెప్పింది. నేను కోయంబత్తూరులో పీలమేడు రోడ్డు మీద కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. కొబ్బరినూనె రాసుకో, సాయంత్రానికి తగ్గకపోతే చూద్దాం అన్నాను. సాయంత్రానికి కొంచెం తగ్గింది. ఇద్దరం ఆ సంగతి మరిచిపోయాం.

మేం ఇద్దరం ఆడపిల్లలం, అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది. అన్నూరు దగ్గర వాళ్ళ తోట్టం. బావి నీళ్ళు పారే పొలాన్ని మా వైపు అలాగే అంటాం. పసుపు, అరటి, చిన్న ఉల్లి వేస్తారు. ఒక మూల అరెకరంలో చామంతి ఉండేది. అక్క ఎనిమిదో తరగతితో బడి మాని అమ్మ వెంట కలుపుకు వెళ్ళింది. పెళ్ళయ్యాక తన పొలంలో తనే కలుపు తీసింది. నేను పాలిటెక్నిక్ చదివి, పంపులు చేసే ఒక కంపెనీలో డ్రాయింగ్ సెక్షన్‌లో చేరాను. ఇరవై రెండేళ్ళుగా పంపు లోపల తిరిగే ఇంపెల్లర్లూ షాఫ్టులూ గీయడమే నా పని. మొదట బోర్డు మీద, తరవాత కంప్యూటర్‌లో. మొక్కల గురించి నాకేమీ తెలియదు. పూసేది పూలమొక్క, పూయనిది కలుపు అన్నంతే నాకు తెలిసింది.

తరవాతి వానలకు అక్కకు మళ్ళీ వచ్చింది. ఈసారి కనురెప్పలతో ఆగలేదు. మెడ, చెవుల వెనక, మోచేతి మడతలు ఎర్రబడ్డాయి. చిన్న చిన్న పొక్కులు లేచి, పగిలి, ఎండి, చర్మం బెరడులా గట్టిపడింది. జాకెట్టు కప్పిన చోట మాత్రం ఏమీ లేదు. అది మేం చూశాం గానీ దానికో అర్థం ఉంటుందని తోచలేదు. సబ్బు మార్చింది. మెడలో గిల్టు గొలుసు తీసేసింది. జుట్టుకు రంగు వేసుకోవడం మానింది. అక్క భర్తను నేను మామ అని పిలుస్తాను. ఆయన వంకాయ మీదా ఎండుచేప మీదా అనుమానపడి, రెండు నెలలు ఇంట్లో రెండూ లేకుండా చేశాడు.

చివరికి అక్క తనకు తెలిసిన వైద్యమే చేసుకుంది. తోటలో ఎవరికి కొడవలి తెగినా అక్క వంగి గట్టు మీది ఒక ఆకు తెంపి, అరచేతిలో నలిపి, గాయం మీద రసం పిండుతుంది. దాన్ని వెట్టుక్కాయ పూండు అంటారు. కత్తి తెగిన గాయానికి వేసే మొక్క అని. గాయానికి పనిచేసేది పొక్కులకు ఎందుకు పనిచేయదు అనుకుని మెడనిండా పూసుకుంది. మూడో రోజుకు మెడ పచ్చిపుండయింది. లోపలి విషం బయటికి వస్తోందని నమ్మి, ఇంకో రెండు రోజులు పూసింది. అప్పుడు నేను వెళ్ళి ఆమెను కోయంబత్తూరు తీసుకొచ్చాను.

చర్మ డాక్టరు నా వయసు ఆవిడే. అక్క మెడను చాలాసేపు చూసింది. జాకెట్టు అంచు దగ్గర ఎరుపు గీత గీసినట్టు ఆగిపోవడం చూసి, తోటలో ఏమేం వేస్తారని అడిగింది. అక్క అన్నీ చెప్పింది. డాక్టరు రాసుకుని, మీరు వేసినవి చెప్పారు, వేయకుండా మొలిచేవి ఏమిటి అని అడిగింది. అవి చెప్పాలంటే ఈ పొద్దు చాలదని అక్క నవ్వింది. నొప్పిలో ఉండి కూడా నవ్వింది. డాక్టరు నవ్వలేదు. అక్క వీపు మీద పట్టీలు అంటించింది. ఒక్కో పట్టీలో చిన్న చిన్న గుండ్రని బిళ్ళలు, ఒక్కో బిళ్ళలో ఒక్కో పదార్థం. రెండు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, ఆ తరవాత తీసి చూస్తాను అంది.

ఆ రెండు రోజులూ అక్క మా ఫ్లాట్‌లోనే ఉంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. నా పప్పుల డబ్బాలన్నీ కిందికి దించి, తుడిచి, మళ్ళీ సర్దింది. రెండో రోజు సాయంత్రం బాల్కనీలోకి వెళ్ళి వెంటనే తిరిగి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ పక్కన ఖాళీ స్థలంలో నడుమెత్తున తెల్లపూల చెట్లు దట్టంగా లేచి ఉన్నాయి. నేను వాటిని రోజూ చూస్తూ కూడా ఏనాడూ చూసినట్టు లేను.

"ఈడ కూడా ఇదేనా?" అంది అక్క. "మా తోట్టంలో మాత్రమే అనుకుంటి."

పట్టీలు తీస్తే రెండు చోట్ల చర్మం ఎర్రగా పొంగి ఉంది. ఒకటి ఆ తెల్లపూల మొక్క, పార్థీనియం. రెండోది చామంతి. మిగతా బిళ్ళల కింద ఏమీ లేదు. ఇవి రెండూ ఒకే కుటుంబం అంది డాక్టరు. ఒకదాని పొడి గాలిలో ఎగిరి చర్మానికి పడకుండా పోతే, దాని చుట్టాలు కూడా కొన్ని పడకుండా పోతాయట. మీరు మెడకు పూసుకున్న ఆకు కూడా బహుశా ఈ కుటుంబందే అంది.

కుటుంబమంటే ఎవరెవరు అని అక్క అడిగింది. డాక్టరు చెప్పడం మొదలుపెట్టింది. పొద్దుతిరుగుడు, బంతి, దవనం, హోటళ్ళలో పచ్చిగా తినే సలాడ్ ఆకు, గట్ల మీది కలుపు మొక్కలు ఎన్నో. అన్నీ హాని చేయవు, ఏవి చేస్తాయో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, మీ తోటలో ఉన్నవి తీసుకురండి, కానీ ఒకదానితో ఒకటి కలపకుండా, ఏది ఏదో సరిగ్గా తెలుసుకుని తీసుకురండి అని చెప్పింది. చివరి మాట నన్ను చూసి అంది.

అన్నూరు బస్సులో కోవిల్‌పాళయం దాటాక అక్క అంది.

"అమ్మకు చెయ్యి తెగినప్పుడంతా నేనే గదా ఆ ఆకు రాస్తి. ఒక్కనాడు కూడా ఏమీ కాలే."

చెయ్యి పట్టుకుందామంటే మోచేయి దాకా కట్టు ఉంది.

తరవాతి ఆదివారం నుంచి నేను వారం వారం అన్నూరు వెళ్ళాను. మొదటిసారి ఫోన్ మీద నమ్మకంతో వెళ్ళాను. ఫోటో తీస్తే మొక్క పేరు చెప్పే సదుపాయం ఒకటి ఉంది కదా. ఒకే మొక్కను పైనుంచి తీస్తే ఒక పేరు, పక్కనుంచి తీస్తే ఇంకో పేరు, ఆకు మాత్రమే తీస్తే మూడో పేరు చెప్పింది. డ్రాయింగ్‌లో ఒక భాగానికి మూడు కొలతలు రాస్తే ఆ డ్రాయింగ్‌ను చింపేస్తాం. ఫోన్ సంచిలో పెట్టి పెన్సిల్ తీశాను.

కుటుంబాన్ని ఎలా గుర్తు పట్టాలో మా కింది ఇంటావిడ చెప్పింది. ఆవిడ కాలేజీలో బోటనీ చెప్పేది. పూజ పళ్ళెంలోంచి ఒక చామంతి తీసి, నా ముందే విడదీసి కాగితం మీద పరిచింది. రేకు అనుకున్నది రేకు కాదు. ఒక్కో రేకు మొదట్లో సన్నని గొట్టం, అడుగున గింజ కాబోయే చిన్న ముక్క ఉన్నాయి. అదొక పూర్తి పువ్వు. నడుమ పసుపు పొడిలా కనిపించేది కూడా పువ్వులే, ఒక్కోటి నూకంత. ఇన్ని పువ్వులనూ కింద ఒక ఆకుపచ్చ గిన్నె కలిపి పట్టుకుంటుంది. ఇలాంటి గుంపు, ఇలాంటి గిన్నె, అడుగున గింజ మొగ్గ, మూడూ కనిపిస్తే ఈ కుటుంబమే అనుకోవచ్చు అంది ఆవిడ. ఈ మాట అక్కకు చెబితే ఆమె నన్నే అడిగింది.

"అట్లయితే నేను ఇన్నాళ్ళు ఒక పూవని తెంపింది ఒక ఊరు జనమా?"

మా పద్ధతి ఇలా కుదిరింది. అక్క మోటారు గది మెట్టు మీద, ఇరవై అడుగుల దూరంలో, ముక్కుకూ నోటికీ తడి తువ్వాలు చుట్టుకుని కూర్చుంటుంది. నేను చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని గట్టు మీద ఒక మొక్క పెరికి ఎత్తి చూపిస్తాను. ఆమె పేరు చెబుతుంది. ఎక్కడ మొలుస్తుందో, మేక తింటుందో లేదో, దేనికి వాడతారో చెబుతుంది. నేను కంపెనీలో తనిఖీ సెక్షన్ నుంచి అడిగి తెచ్చుకున్న భూతద్దంతో చూసి బొమ్మ గీస్తాను. బొమ్మ కింద అక్క చెప్పిన పేరు రాస్తాను. కింది ఇంటావిడ చెప్పిన శాస్త్రీయ నామం పక్కన రాస్తాను. మేం ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివింది తమిళమే; నా చిన్నప్పుడు తాత తెలుగు అక్షరాలు నేర్పాడు కాబట్టి, ఆంధ్ర దేశంలో ఏమంటారో వెతికి అది కూడా రాసేదాన్ని. వెట్టుక్కాయ పూండును వాళ్ళు గడ్డిచామంతి అంటారట. కరిసలాంకణ్ణిని గుంటగలగర అంటారట. పార్థీనియంను వయ్యారిభామ అంటారని చదివి వినిపిస్తే, ఇంత పాడు చేసేదానికి ఇంత ముద్దు పేరేమిటని అక్క తువ్వాలు వెనక నవ్వింది.

మొదట్లో నన్ను బాగా తిప్పలు పెట్టింది గడ్డిచామంతీ గుంటగలగరా. పువ్వుంటే కష్టం లేదు. గడ్డిచామంతికి జానెడు పొడుగు బోడి కాడ, దాని చివర ఒకే ఒక పువ్వు ఉంటుంది. నడుమ పసుపు, చుట్టూ నాలుగైదు వెలిసిన రేకులు, ఒక్కో రేకు చివర మూడు పళ్ళు. ముదిరితే గింజలకు నూగు వచ్చి గాలికి లేచిపోతాయి. గుంటగలగర పువ్వు చొక్కా బొత్తామంత కూడా ఉండదు, ఆకు మొదట్లో పొట్టి కాడ మీద కూర్చుంటుంది, తెల్లగా నూకలు గుచ్చినట్టు ఉంటుంది. దాని గింజలకు నూగు లేదు, గిన్నెలోనే నల్లబడి రాలిపోతాయి. కానీ పువ్వు లేనప్పుడు రెండింటి ఆకులూ ఎదురెదురుగానే ఉంటాయి, రెండూ గరుకే. మూడుసార్లు తప్పు చెప్పాను. మూడోసారి అక్క మెట్టు మీదినుంచి, కాడను నలిపి కాసేపు ఆగి నీ చెయ్యి చూసుకో అంది. తొడుగు వేళ్ళ మీద రసం మొదట ఏ రంగూ లేదు, తరవాత మెల్లగా నల్లబడింది. నల్లబడితే కరిసలాంకణ్ణి. గడ్డిచామంతి రసం నల్లబడదు. ఆ నలుపు కోసమే అక్క ఏళ్ళ తరబడి దాన్ని నూనెలో కాచి తలకు రాసుకుంటోంది.

సహదేవి సులువు. దానికి రేకులు ఉండవు. ఊదారంగు దారాల కుచ్చు మాత్రమే. పుంపుల్లు అని ఇంకొకటి ఉంది. తెల్లగానూ లేత నీలంగానూ మెత్తటి పూగుత్తులు పూస్తుంది. దూరం నుంచి దానికీ పార్థీనియంకీ తేడా నాకు తెలిసేది కాదు. రెండూ తెల్లగా గుబురుగా కనిపిస్తాయి. దగ్గరికి వెళితే పుంపుల్లు ఆకు వెడల్పుగా, అంచుకు పళ్ళతో, చీలకుండా ఉంటుంది, నలిపితే మేకపోతు వాసన వస్తుంది. పార్థీనియం ఆకు క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా, కాండం నిలువు గాడులతో ఉంటుంది. పువ్వును భూతద్దంలో చూస్తే చుట్టూ ఐదు మూలల్లో మాత్రమే ఐదు చిన్న రేకులు. ఐదే. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే.

నెల తరవాత ఐదు మొక్కలు ఐదు కాగితం కవర్లలో వేరు వేరుగా పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మా ఆఫీసులో ప్రతి డ్రాయింగ్ మూలలో గీసినవారు, సరిచూసినవారు అని రెండు గళ్ళుంటాయి. కవర్ల మీద కూడా అవే గళ్ళు గీశాను. గీసినవారి గడిలో నేను సంతకం చేశాను. సరిచూసినవారి గడిలో అక్క తమిళంలో, బడి మానేసిన పిల్ల చేతిరాతతో, ఐదుసార్లు సంతకం చేసింది. డాక్టరు ఆ కవర్లను తిప్పి తిప్పి చూసింది.

ఈసారి పట్టీలు తీస్తే పార్థీనియం చోట మళ్ళీ ఎర్రగా పొంగింది. గడ్డిచామంతి చోట కొంచెం ఎరుపు వచ్చింది. పుంపుల్లు దగ్గర దురద మాత్రం వచ్చింది. గుంటగలగర చోటా సహదేవి చోటా చర్మం శుభ్రంగా ఉంది. ఇప్పటికి లేదు అంతే, ఎప్పటికీ రాదని నేను రాసివ్వలేను అంది డాక్టరు. అక్కకు ఆ మాట వినిపించలేదనుకుంటాను. కరిసలాంకణ్ణి నూనె మానక్కర్లేదని మాత్రం విని, బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి రెండుసార్లు నన్ను అడిగి నిర్ధారించుకుంది.

ఆ తరవాత నాకు కొంచెం గర్వం వచ్చింది. ఒప్పుకోవాలి. తోట అంతా తిరిగి పార్థీనియం ఉన్న చోటల్లా పుల్ల నాటి ఎర్రగుడ్డ కట్టాను. ఎర్రగుడ్డ ఉన్నవైపు అక్క వెళ్ళదు. కూలికి వచ్చే ఆడవాళ్ళు చేతికి తొడుగులు, ముఖానికి గుడ్డలు కట్టుకుని ఆ మొక్కలను గింజ రాలకముందే పెరికి గుంటలో పూడుస్తారు. అక్క మెడ మీద బెరడు రాలి, కింద కొత్త చర్మం లేత రంగులో కనిపించింది. ఆఫీసులో ఎవరైనా ఫైలు మీద పువ్వు గుర్తు గీస్తే, దాన్ని చూసి ఏ కుటుంబమో చెప్పే దశకు వచ్చాను.

మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, ఒక ఆదివారం అక్క నన్ను కొత్తిమీర మడి దగ్గరికి తీసుకెళ్ళింది. మరునాటి సంతకు కొత్తిమీర పీకాలి, మనుషులు చాలలేదు.

"నేనూ కూచోవచ్చునా? చూసి చెప్పు అమ్మిణీ."

అక్క నన్ను ముద్దుగా అమ్మిణి అంటుంది. నేను గట్లన్నీ తిరిగాను. తెల్లపువ్వు కోసం చూశాను. మడి ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒక్క తెల్లపువ్వు లేదు. ఒక్కటీ లేదక్కా, కూర్చో అన్నాను. కొత్తిమీరను వేళ్ళతో సహా పీకి మట్టి దులిపి కట్టలు కట్టాలి. తొడుగులతో ఆ పని సాగదు. అక్క తొడుగులు తీసేసి, చాలా నెలల తరవాత వట్టి చేతులతో మట్టిలో కూర్చుంది. ఆమె ముఖం చూసి నాకు సంతోషమైంది. ఆ సంతోషంతోనే సాయంత్రం బస్సెక్కాను.

మరునాడు మధ్యాహ్నం మామ ఫోన్ చేశాడు. అక్క కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. వేళ్ళు వాచి మడవడానికి రావడం లేదు. సెలవు పెట్టి వెళ్ళాను.

తోటలో ఏళ్ళుగా కలుపుకు వచ్చే ఒక ముసలావిడ ఉంది. అందరం పాట్టి, అంటే అవ్వ, అంటాం. నేను వెళ్ళేసరికి ఆమె కొత్తిమీర మడి దగ్గర, పీకాక మిగిలిన చెత్త పోగు ముందు గొంతుక్కూర్చుని ఉంది. పోగులోంచి ఒక చిన్న మొక్క తీసి నాకు చూపించింది. నాలుగైదు ఆకులు, చీలికలు చీలికలుగా, పళ్ళెంలా నేలకు పరుచుకుని పెరిగినవి. పక్కన ఒక కొత్తిమీర మొక్క పెట్టింది. కొత్తిమీర ఆకు నిగనిగలాడుతోంది. ఇది మసకగా, వెలిసినట్టు, ముట్టుకుంటే సన్నని నూగుతో ఉంది. పార్థీనియం పసిమొక్క. మడినిండా ఉన్నాయని, తను ముందే చూసిందని పాట్టి తమిళంలో చెప్పింది. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. పుస్తకంలో రాసుకునే పిల్ల చూసి లేవని చెప్పింది కదా, చిన్నవి హాని చేయవేమో, అది పుస్తకంలో ఉందేమో అనుకుని ఊరుకున్నాను అంది. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అలా అనుకుంది.

నా పుస్తకంలో పదహారు పుటల నిండా పువ్వులే ఉన్నాయి. పూయకముందు ఆ మొక్కలు ఎలా ఉంటాయో ఒక్క పుటలోనూ లేదు. నేను పువ్వును వెతికాను. అక్క వట్టి చేతులతో పూత లేనివాటిని గంటసేపు కొత్తిమీరతో కలిపి పీకింది.

అక్క లోపల గదిలో కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉంది. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది. తప్పు నాదే అక్కా అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. ఆ చెయ్యి చూడలేకపోయాను.

"నువ్వు పూలు చూస్తివి. పూలు లేవని చెప్పితివి. అది నిజమే గదా." కళ్ళ మీది గుడ్డ సర్దుకుంది. "ఇంగ మొలకలు నేర్చుకో."

నేను బయటికి వచ్చి మోటారు గది వెనక నిలబడి ఏడ్చాను. మామ చూశాడు, చూడనట్టు వెళ్ళిపోయి, తరవాత టీ పంపించాడు.

మొలకలు నేర్చుకోవడం పువ్వులంత సులువు కాలేదు. రెండు ఆకుల దశలో అన్ని మొక్కలూ ఒకేలా ఉంటాయి. గట్టు మట్టి, కాలువ మట్టి, కొత్తిమీర మడి మట్టి వేరు వేరు సంచుల్లో పీలమేడు తీసుకొచ్చి, ఆఫీసు క్యాంటీన్ టీ కప్పుల్లో పోసి బాల్కనీలో వరసగా పెట్టాను. రోజూ ఆఫీసుకు వెళ్ళే ముందు నీళ్ళు చల్లి, మొలిచినవాటిని గీశాను. మొదటి రెండు ఆకులు, తరవాతి రెండు, ఆ తరవాతివి. చాలా కప్పుల్లో వట్టి గడ్డి మొలిచింది. ఒక కప్పులో టమాటా మొలిచింది. గుంటగలగర మొలకను గడ్డిచామంతి మొలక నుంచి వేరు చేయడం ఇప్పటికీ నాకు పూర్తిగా రాదు. నాలుగో ఆకు వచ్చేదాకా ఆగుతాను. గడ్డిచామంతి ఆకుకు అంచు పళ్ళు తొందరగా, లోతుగా వస్తాయి. గుంటగలగర ఆకు సన్నగా సాగుతుంది. పార్థీనియం మొదటి ఆకులు గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు ఉంటాయి. మూడో నాలుగో ఆకు నుంచి గండ్లు పడతాయి. ఆ గండి కనిపించగానే తొడుగులు వేసుకుని పీకి, కవర్లో మూట కట్టి పారేసేదాన్ని.

ఆదివారాలు పాట్టి పక్కన కూర్చునేదాన్ని. ఆమెకు కళ్ళు అంత బాగా కనిపించవు. వేలి కొసలతో ఆకు మీద మెల్లగా రాసి చెబుతుంది. నేను కూడా కళ్ళు మూసుకుని తొడుగు లేకుండా రాసి చూశాను. నాకు ఏమీ కాదు, నా చర్మానికి ఆ కుటుంబం పడుతుంది. అది తలచుకుంటే ఎప్పుడూ కొంచెం సిగ్గుగా ఉంటుంది. ఒకే అమ్మ పిల్లలం.

ఆ కొత్తిమీర సంగతి తరవాత మామ భయపడ్డాడు. తోటను గుత్తకు ఇచ్చేసి కోయంబత్తూరులో ఇల్లు చూసుకుందామన్నాడు. వీలైతే ఊరు మారడం మంచిదని డాక్టరు కూడా అంది. మూడో రోజు భోజనాల దగ్గర అక్క, మామకు రసం పోస్తూ చెప్పింది.

"అమ్మిణి ఇంటి పక్కన నడుమెత్తు ఉండాది ఈ తెల్లపూల సెడి. ఆడికి పోయి నేను ఏం చేసేది? ఈడయితే ఎక్కడెక్కడ ఉండాదో నాకు తెలుసు."

మామ తినడం ఆపి నా వైపు చూశాడు. నేను ఆయన పక్షాన ఏదైనా చెబుతానని అనుకున్నాడేమో. అక్క చెప్పింది నిజం. మా పక్క స్థలం గురించి అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో రెండుసార్లు అడిగినా ఎవరూ పట్టించుకోలేదు.

తోటకు బదులు చామంతి మడి పోయింది. అది అక్క తనంతట తనే నిర్ణయించింది. పెళ్ళయిన ఏడు తను వేసిన మడి అది. పిలకలు తీసి నాటుతూ ఇన్నేళ్ళు దాన్ని కాపాడుకుంటూ వచ్చింది. పెరికిన రోజు గాలి వచ్చే వైపున, బాగా దూరంగా, అరటి తోపు అంచున కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను పక్కన ఉన్నాను. ఆడవాళ్ళు పెరికిన మొక్కలను గోనె పట్టాల మీద వేసి లాగారు. పసుపు పువ్వులు ఇంకా కొన్ని ఉన్నాయి. పిలకలు కొన్ని తీసుకుపోవచ్చునా అని పాట్టి అడిగింది. తీసుకుపో, కానీ నీ ఇంటికి నన్ను పిలవద్దు అని అక్క అంది. అందరూ నవ్వారు. అక్క ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. ఇప్పుడు అక్కడ పసుపు ఉంది.

జబ్బు పూర్తిగా పోలేదు, పోదు. మాత్రలు ఉన్నాయి, పూత మందు ఉంది. వానల తరవాత మెడ మీద ఎరుపు ఒకసారి పలకరించి వెళుతుంది. మామ పాత పొడుగు చేతుల చొక్కాలన్నీ ఇప్పుడు అక్కవే. పెళ్ళిళ్ళకు వెళితే పందిట్లో బంతి దండలు ఎక్కడ కట్టారో చూసి, వాటికి దూరంగా కుర్చీ వెతుక్కుంటుంది. మెడలో మాల వేయబోతే వంగి, చేత్తో తీసుకుంటుంది. అందులో దవనం రెబ్బ ఉందేమో చూసి పక్కవాళ్ళకు ఇచ్చేస్తుంది. ఎవరైనా ఎందుకని అడిగితే, చామంతికీ దవనానికీ చుట్టరికం ఉందని ఓపికగా చెబుతుంది. చాలామంది నమ్మరు. ఆమె వాదించదు.

నా బొమ్మల పుస్తకం నకలు ఒకటి మోటారు గదిలో మేకుకు వేలాడుతోంది. తడికి కొన్ని పుటలు ఉబ్బాయి. కలుపుకు వచ్చే ఆడవాళ్ళలో ఒకామె కూతురు, నర్సింగ్ చదివే అమ్మాయి, ఒక బొమ్మ పక్కన ఆకు కాండానికి అతికే తీరు తప్పుగా గీశానని పెన్సిల్‌తో రాసి పెట్టింది. వెళ్ళి చూస్తే ఆ అమ్మాయి చెప్పిందే సరి. దిద్దాను.

పోయిన ఆదివారం పొద్దున్నే అక్కతో కలిసి ఉల్లి మడికి వెళ్ళాను. గట్టు ఎక్కగానే ఆమె ఆగి, భుజం మీది తువ్వాలు తీసి, ఒక కొస పట్టుకుని గాలిలోకి వదిలింది. తువ్వాలు తూర్పుకు ఎగిరింది, పార్థీనియం పొడీ అటే పోతుంది. అయితే పడమటి నుంచి మొదలుపెడదాం అని, ఆడవాళ్ళను ఆ వైపుకు పిలిచి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ముందుగా తనే మడిలో దిగింది.